మొదట ఏ కాలేజీ పెట్టాలి

ఆ సాయంత్రంతో కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే గడువు ముగుస్తుంది. టీచరమ్మ మధ్యాహ్నం నుంచి ఒకచోట నిలవలేకపోతోంది. ఆరిన బట్టలు మడతపెట్టింది, నచ్చక విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో తలుపులు కూడా ఎవరూ గట్టిగా వేయడం లేదు.

కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన మేనమామ, టీచరమ్మ తమ్ముడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. తన చేతికందితే బాగుపడనిది లేదని గట్టి నమ్మకం.

"చూడు కోడలా, పక్కవీధి కాలేజీ మొదట పెట్టు. అదెలాగూ వస్తుంది. ఆ ఓడలు కట్టడం నేర్పే కాలేజీ రెండోది పెట్టు. అదీ వచ్చిందనుకో, రెండింట్లో నచ్చింది తీసుకోవచ్చు."

"రెండూ ఇస్తారా మావయ్యా?"

"ఇవ్వకేం చేస్తారు? ర్యాంకు తెచ్చుకుంది నువ్వా, వాళ్ళా?"

కూతురు నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

తమ్ముడు చెప్పింది తప్పు. సీట్లు కేటాయించే కంప్యూటర్ మనం పెట్టిన వరుసను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకు సీటు దొరికిన మొదటి కాలేజీ దగ్గర ఆగిపోతుంది, కిందివాటి మొహం కూడా చూడదు. ఏటా పెద్ద తరగతి పిల్లలకు టీచరమ్మే బోర్డు మీద రాసి చెబుతుంది, వస్తుందో రాదో అని చూసుకోకుండా కావలసినదే పైన పెట్టండని. పక్కవీధిది పైనుంటే, రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే గాని చేరలేని ఆ ఓడల కాలేజీ మీద ఇక ఆశ వదులుకోవాల్సిందే.

నోరు మెదపకపోతే చాలు. పిల్ల ఇంట్లోనే ఉంటుంది.

"అమ్మా, నువ్వేమంటావ్?"

"మీ మావయ్య చెప్తున్నాడుగా," అంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఎందుకు తిప్పిందో గుర్తురాక కట్టేసింది.

ముందుగదిలోంచి కూతురి గొంతు వినిపిస్తోంది.

"అక్కడ పెద్ద నీళ్ళ తొట్టి ఉందంట మావయ్యా. మొదటి ఏడాదే మనం చేసిన చిన్న ఓడని అందులో వదలాలంట. మునిగితే మళ్ళీ చెయ్యాలంట!"

"నువ్వు చేస్తే తొట్టే మునుగుతుందే!"

టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. తొట్టి ఎంత పెద్దదో కూతురు రెండు చేతులూ చాచి చూపిస్తోంది.

"ఆగండి. అది తప్పు," అంది. తరగతిలో చెప్పినట్టే మొత్తం చెప్పింది.

తమ్ముడు నోరు తెరిచాడు. "మరి ఇంతసేపూ బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావేంటక్కా!"

కూతురు నవ్వలేదు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నేనడిగితే అలా అన్నావేం?"

"నువ్వెళ్ళిపోతావని."

 కూతురు తెర వైపు తిరిగి ఓడల కాలేజీని పైకి జరిపింది.

"పక్కవీధిది రెండోది ఉంచనా?" అంది, ఇటు చూడకుండానే.

"ఉంచు. అది రాకపోతే ఇదైనా ఉండాలిగా."

ఓడల కాలేజీ రాకూడదని టీచరమ్మ కోరుకోలేదు. రావాలని కోరుకోవడానికి మాత్రం ఎంత ప్రయత్నించినా మనసు ఒప్పలేదు. కూతురు బటన్ నొక్కింది.