తలకిందుల సీసా

మూడోసారి కూడా జాడించి, గాజుసీసాను వెలుతురుకు ఎత్తి చూసింది వెర్నా టాలివర్. సబ్బు మరక మిగిలితే జెల్లు గడ్డకట్టదు. వేడినీళ్ళకు వేళ్ళ చివర్లు నాని, ఎండుద్రాక్షల్లా ముడతలు పడ్డాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో చీలి, అలా రెండుగానే పెరుగుతోంది. తొట్టి ఆమె ఎత్తుకు కుదరక నడుము ముందుకు వంగిపోయింది. క్లీవ్‌లాండ్‌లో ఆ ప్రయోగశాల కట్టినవాళ్ళు కడిగే మనిషిని కొలిచి కట్టలేదు. ఎక్కడా కట్టరు.

కిటికీ అవతల వీధి, వీధికి అవతల ఆసుపత్రి. అందులో ఆమె మొగుడు అమోస్ కుర్చీలో వాలి, చేతికి సూది గుచ్చుకుని ఉన్నాడు. ఒంట్లో దాచుకున్న చక్కెరను కరిగించే ఎంజైము అతనికి పుట్టుకతోనే చాలినంత లేదు. కరగని చక్కెర కండల్లో పేరుకుని ఆ కండల్నే తినేస్తుంది. ఒకప్పుడు ఉక్కు కర్మాగారంలో ఇనుప కడ్డీలు భుజాన మోసినవాడు. ఇప్పుడు చొక్కా బొత్తాం పెట్టుకున్నా ఆయాసమే. రెండు వారాలకోసారి పగలంతా ఆ కుర్చీలో కూర్చుంటే ఎంజైము చుక్కచుక్కగా లోపలికి ఎక్కుతుంది. అది లేకపోతే ఏనాడో పోయేవాడు. వెర్నా ఆదివారం చర్చిలో దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతల్లో ఆ ఎంజైము పేరు కూడా కలుపుతుంది.

ఇక్కడ చేస్తున్నది ఆ కుర్చీ అవసరం లేకుండా చేసే పని. చిన్న చిన్న ప్రోటీను ముక్కలు నీళ్ళలో వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. అదే జెల్లు. సూదిలోంచి తోస్తే నీరవుతుంది, చర్మం కింద మళ్ళీ గడ్డకడుతుంది. పట్టుకున్న ఎంజైమును కొంచెం కొంచెంగా వదులుతుంది. జెల్లు కుదిరిందో లేదో తెలియడానికి సీసాను బోర్లిస్తారు. జారితే నీళ్ళు, నిలిస్తే జెల్లు.

చేరిన కొత్తలో వెర్నాకు ఇది తెలియదు. ఎవరో బుద్ధిలేనివాళ్ళు తలకిందులుగా పెట్టి పోయారనుకుని, వరసలో సీసాలన్నిటినీ శ్రద్ధగా నిలబెట్టేసింది. ఏది జారిందో ఏది నిలిచిందో తెలియకుండా పోయి, వారం శ్రమ బూడిదైంది. ఉద్యోగం ఊడిందనుకుని సంచి కూడా సర్దుకుంది. పరిశోధకురాలు ఇనెస్ తల పట్టుకుంది, తర్వాత నవ్వింది.

"ఇకమీదట బోర్లించే పని మీదే, మిస్ వెర్నా. బోర్లించినవాళ్ళు మళ్ళీ నిలబెట్టరు."

అప్పట్నుంచీ ప్రతి సీసానూ వెర్నాయే తిప్పాలి. అమోస్ సాయంత్రం గుమ్మంలోనే అడిగేవాడు, జెల్లు జారి పడిందా అని.

జెల్లు నిలిస్తే చాలదు, లోపలి ఎంజైము బతికుండాలి. ఇదివరకటివన్నీ వారం తిరక్కుండానే చచ్చాయి. రెండు వారాలుగా ఒంటి వేడంత వెచ్చదనంలో పెట్టిన సీసాను ఇవాళ విప్పుతారు. ఇదీ చచ్చి ఉంటే పని మూసెయ్యమని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టె పట్టుకుని వెర్నా వీధి దాటింది. మందు కలపని జెల్లు ఒక సీసాలో మూసి, అమోస్‌కు చూపించమని ఇనెస్ ఇచ్చింది.

"పడిందా?"

"నువ్వే చూసుకో." కుర్చీకున్న బల్లమీద సీసాను బోర్లించింది.

అమోస్ వంగి చూశాడు. "మొండిది. మీ అమ్మ పోలిక."

"మా అమ్మ జోలికొస్తే రొట్టె వెనక్కి పట్టుకుపోతా."

అతను నవ్వబోయి, ఊపిరి అందక ఆగాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు. "ఏమోయ్, ఇది నాదాకా రాదులే. నాకు తెలుసు. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోవాల్సినవాడు పోయి ఏటి ఒడ్డున చేపలు పట్టుకుంటాడు. చాలదూ? నాకూ ఈ మందు ముక్కూ మొహం తెలియనివాళ్ళే చేసిపెట్టారు." సీసాను వేలితో తాకాడు. "ఇక్కడే ఉండనీ. పడుతుందేమో కాపలా కాస్తా."

మూడు దాటాక ఇనెస్ చిటికెడు జెల్లు తీసి గాజుగొట్టంలోని పరీక్ష నీళ్ళలో వేసింది. ఎంజైము బతికుంటే నీళ్ళు పచ్చబడాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. వెర్నా తడిచేతులు ఏప్రన్‌కు తుడుచుకుంటూనే ఉంది. అప్పుడు అడుగున నిమ్మతొక్క రంగొకటి మెదిలింది. పైకి పాకి, గొట్టమంతా పసుపుపచ్చగా నిండింది.

ఇనెస్ ఆమె చెయ్యి పట్టుకుంది. "వెళ్ళండి. ముందు ఆయనకు చెప్పండి."

ఏప్రన్ విప్పకుండానే పోయింది. గుమ్మంలో నర్సు ఎదురైంది. మీకే ఫోన్ చెయ్యబోతున్నానంది. కునుకు తీస్తున్నాడనుకున్నారట, దగ్గరికెళ్ళి చూస్తే ఊపిరి లేదట. గొట్టాలూ యంత్రాలూ వద్దని అతను ముందే రాసిచ్చాడు గనక, డాక్టరు చూసి, సూది తీసి వెళ్ళాడట.

వెర్నా స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఊడి ఉన్న చొక్కా బొత్తాం పెట్టింది. అతని చెవి దగ్గరికి వంగింది.

"పచ్చబడిందయ్యా."

తర్వాత నర్సు వైపు తిరిగింది. "ఇన్నేళ్ళు ఆయన్ని నాకు ఉంచారు. మీ మేలు మరవనమ్మా."

బల్లమీద సగం కొరికిన రొట్టె, దాని పక్కన బోర్లించిన సీసా. జెల్లు నూలుపోగంత కూడా జారలేదు.