తిరగని లెన్స్

“కూర్చున్న చోటినుంచి లేవక్కర్లేదు. తిప్పితే చాలు, లోకమే నీ దగ్గరికొస్తుంది,” అంటూ భర్త ఆమె చేతిలో జూమ్ లెన్స్ పెట్టాడు. దాంతో ఎదురింటి పిల్లి మీసాలు లెక్కపెట్టొచ్చునని, గురి కుదిరితే చంద్రుడి పుట్టుమచ్చ కూడా చిక్కుతుందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. దాన్ని కొనడానికి పాత బూట్లనే మళ్ళీ మళ్ళీ కుట్టించుకుని తొడుక్కున్నాడు. ఆమె బాధంతా అదే. తాగొచ్చి తన్నేవాడైతే ఆ లెన్స్‌ని నూతిలో పడేసినా పాపం అంటదు.

ఆమె పడెయ్యలేదు. పాత కెమెరాల దుకాణంలో ఇచ్చేసి, బదులుగా జూమ్ లేని ప్రైమ్ లెన్స్ తెచ్చుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జూమ్‌తో తీసిన ఫొటోలన్నీ వంటింటి కిటికీలోంచి తీసినవే. పొయ్యి మీద పాలు, లోపలినుంచి అత్తగారి కేక, ఆ మధ్యలో దొరికిన కాసింత సేపట్లో ఎదుటి మేడ మీద బట్టలారేసే అమ్మాయిని దగ్గరికి లాక్కునేది. మొహం వచ్చేది, మాట వచ్చేది కాదు. పొద్దు వాలితే ఆ మొహం కూడా అలికేసినట్టయ్యేది. ప్రైమ్‌కి కన్ను పెద్దది, గుడ్డి దీపం వెలుగులోనూ చూస్తుంది. కానీ దూరాన్ని దగ్గర చెయ్యడం దానికి రాదు. మొహం కావాలంటే మనిషి దాకా నడవాల్సిందే. ఆ నడక కోసమే మార్చుకున్నానని తనలో తను ఒప్పుకోవడానికి కూడా ఆమెకు భయం. కూరగాయలకని బయల్దేరి, కుట్టుమిషను ఆవిడ గుమ్మంలో నిలబడిపోయేది. ఆవిడ వేళ్ళని ఫొటో తీసేది, కబుర్లు వినేది. ఇంటికొచ్చేసరికి పాలు పొంగకపోయినా పొంగినట్టే గుండె కొట్టుకునేది. “తిరక్క మగాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది,” అని అత్తగారు గోడకు చెప్పేది. ఆవిడ ఏదైనా గోడకే చెబుతుంది. గోడ ఏనాడూ ఎదురు చెప్పలేదు, కోడలూ అంతే.

భర్తతో చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. “టీ పెట్టనా?” అని మాత్రం వచ్చేది.

వాళ్ళ పాప బడిలో ఆటల పోటీలు. అందరూ మైదానం మెట్ల మీద కూర్చున్నారు. ఆమె ఒళ్ళో అత్తగారి మందుల సంచి, ఫ్లాస్కు, పాప స్వెట్టరు, వాటి మీద కెమెరా. పాప ఆ చివర, గీత దగ్గర నిలబడి ఇటే వెతుక్కుంటోంది.

“తిప్పు, పాప మొహం దగ్గరికి రావాలి,” అన్నాడు భర్త.

ఆమె వేళ్ళు లెన్స్ చుట్టూ ఊరికే ఆడాయి. పాడైందని చెప్పొచ్చు. నమ్ముతాడు, పైగా తనే బాగుచేయిస్తానంటాడు. ఆ మంచితనమే అబద్ధాన్ని గొంతులో పట్టుకుని ఆపేసింది.

“తిప్పవేం?”

“ఇది తిరగదండీ,” అంది. “మీరిచ్చింది ఇచ్చేసి ఇది తెచ్చుకున్నా. దీనికి నేనే తిరగాలి.”

ఆయన తన పాత బూట్ల వంక చూసుకున్నాడు. అరిచినా తేలికయ్యేది. అత్తగారు మాత్రం చుట్టూ చూసింది. దగ్గర్లో గోడ లేదు.

ఆమె సంచి, ఫ్లాస్కు, స్వెట్టరు ఒక్కొక్కటే తీసి భర్త ఒళ్ళో పెట్టి, కెమెరాతో మెట్లు దిగింది. తప్పు చేశానన్న దిగులు కూడా వెనకే దిగింది. దాన్ని ఆమె ఆగమనలేదు. వెంటబెట్టుకునే పాప వైపు నడిచింది.