ఇంటికి రెండు తలలు

ప్రతి ఆదివారం చర్చిలో సైనికుల క్షేమం కోసం ప్రార్థన చేస్తున్నప్పుడు మార్లిస్‌కి ఒక అనుమానం వచ్చేది. వాళ్లను చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతున్నాం గదా, అసలు యుద్ధమే ఆగిపోవాలని ఎందుకు అడగం? ఏళ్ల తరబడి ఆ అనుమానాన్ని కీర్తనల పుస్తకంతో పాటు చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. ఒకసారి భర్త డ్వేన్‌తో అంటే, ప్రార్థనలోకి రాజకీయాలు తేవద్దన్నాడు. గెలిపించమని ప్రార్థించినప్పుడు అది రాజకీయం కాలేదు కాబోలు అనుకుంది గానీ పైకి అనలేదు. అప్పటికి కొడుకు కర్ట్ అమెరికా సైన్యంలో రెండోసారి ఇరాక్ వెళ్లి ఉన్నాడు.

మూడోసారి వెళ్లొచ్చాక కర్ట్ మేడమీద గది వదిలి రావడం మానేశాడు. తలుపు గట్టిగా పడితే మంచం కిందికి దూరేవాడు. మార్లిస్ బడి వంటశాలలో ఉద్యోగం మానేసింది. వేళకి మాత్రలు, ఆసుపత్రికి మంచులో కారు నడపడం, గిన్నె చప్పుడు కాకుండా వంట, అన్నీ ఆమెవే. ధాన్యం గిడ్డంగి దగ్గర మగవాళ్లతో “మావాడు మూడుసార్లు వెళ్లాడు” అని చెప్పుకోవడం డ్వేన్ వంతు. ఎప్పుడైనా అలిసిపోయానంటే, “ఇంట్లోనే ఉంటున్నావుగా” అనేవాడు.

అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సెనేటర్ హేవర్లీకి ఆ ఊళ్లో మనుషుల్ని కూడగట్టే బాధ్యత డ్వేన్ నెత్తిన వేసుకున్నాడు. ఒక ఉదయం ఆయన్ని ఇంటికే కాఫీకి పిలిచాడు. కుర్చీలు సర్దింది, నిమ్మ కేకు చేసింది, కర్ట్‌కి నచ్చజెప్పి తలుపు వేసి వచ్చింది మార్లిస్. మనమందరం త్యాగం చేశాం, ఇంకొంచెం ఓపిక పట్టాలి అని హేవర్లీ చెబుతున్నాడు. ఆయన కప్పులో కాఫీ పోస్తూ ఆమె అడిగేసింది.

“సెనేటర్ గారూ, యుద్ధం మొదలుపెట్టడానికి సెనేట్‌లో చెయ్యెత్తి ఓటేశారు. చెప్పిన కారణం అబద్ధమని తేలాక కూడా ఎత్తారు. మా పిల్లల్ని అక్కడుంచే గడువు పొడిగిస్తుంటే, ఆపుదామన్నవాళ్లకి వ్యతిరేకంగా ఎత్తారు. ఒక్కసారైనా ఆ చెయ్యి బరువనిపించిందా మీకు?”

హేవర్లీ లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “మీలాంటి తల్లులే ఈ దేశానికి బలమమ్మా,” అన్నాడు. ఆ వెంటనే, “ఇంతకీ ఈ కేకు మీ చేతిదేనా?” అని అడిగాడు. అందరూ హాయిగా నవ్వేశారు. రెండో చేతిలో వేడి కాఫీ పాత్ర ఉండబట్టి మార్లిస్ చెయ్యి విడిపించుకోలేకపోయింది.

కప్పులు కడుగుతుంటే డ్వేన్ వచ్చాడు. నలుగురిలో పరువు తీశావన్నాడు. ఆయన రికార్డు గురించి నీకేం తెలుసన్నాడు.

“పేపర్లో వేస్తారు డ్వేన్. నువ్వు ఆటల పేజీ చూసి పడేసిందే నేను చదువుతాను.”

“సరే. ఎన్నిక రోజు మాత్రం నోరు మూసుకుని నా పక్కన నిలబడు. మనింటికి రెండు తలలని చెప్పేశాను.”

వాళ్లుండే అయోవా రాష్ట్రంలో పార్టీ అభ్యర్థిని ఎన్నుకోవడానికి ఓటు చీటీలుండవు. చలికాలం సాయంత్రం ఊరంతా బడి ఆటల హాల్లో చేరుతుంది. ఎవరు ఎవరికి మద్దతో ఆ పేరున్న మూలకెళ్లి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. చాలినంత మంది లేని గుంపు చెదిరిపోవాల్సిందే. అయితే ఆఖరి లెక్కకి ముందు అరగంట గడువిస్తారు, ఎవరైనా మూల మారవచ్చు. అంతా అందరి కళ్ల ముందే. అందుకేనేమో ఆ ఊళ్లో భార్యలెప్పుడూ భర్తల మూలల్లోనే ఉండేవారు. ఎవరూ చెప్పలేదు. ఒకే కొక్కేనికి రెండు కోట్లు తగిలించడం లాంటి అలవాటు.

ఆ సాయంత్రం మార్లిస్ కూడా డ్వేన్ పక్కన హేవర్లీ మూలలోనే నిలబడింది. యుద్ధం ఆపాలంటూ పోటీలో ఉన్న ఒక గవర్నరు మూలలో ఆర్డిస్ ఉంది. కర్ట్‌తో పాటు వెళ్లిన ఆమె తమ్ముడు తిరిగి రాలేదు. ప్రతి మంగళవారం వచ్చి కర్ట్ దగ్గర కూర్చుంటుంది, మార్లిస్ బజారు పని చూసుకుని, కాసేపు కారులో ఒంటరిగా ఊపిరి పీల్చుకుని వచ్చేదాకా. నీ రుణం ఎలా తీర్చుకోనంటే, “ఉండనీయమ్మా, పెరగనీ” అని నవ్వేది.

ఆ మూలకి ముప్పైమంది కావాలి. ఇరవైతొమ్మిది మందే తేలారు. “ఆర్డిస్, ఇటొచ్చెయ్, ఇక్కడ హీటరుంది!” అని డ్వేన్ కేకేస్తే అందరూ నవ్వారు. ఆర్డిస్ హాలంతా కలయజూసింది, ఒక్క మార్లిస్ వైపు తప్ప. కావాలనే చూడలేదని మార్లిస్‌కి తెలిసింది. అడిగే మనిషి కాదు. అడగకుండానే వెళ్లాలి. వెళ్తే రేపు గిడ్డంగి దగ్గర డ్వేన్‌ని ఆటపట్టిస్తారు, ఇంట్లో ఎన్నాళ్లు మాట ఉండదో తెలియదు. వెళ్లకపోతే హేవర్లీ ఎత్తిన చేతుల్లో తనదీ ఒకటవుతుంది. ఇన్నాళ్లూ అయింది కూడా.

ఆమె కదిలింది.

“ఎక్కడికి?” అన్నాడు డ్వేన్ గొంతు తగ్గించి. “కాఫీ అయిపోయినట్టుంది, అది చూడు ముందు.”

“నువ్వు చూడు. పొడి డబ్బా ఎడంచేతి అరలో ఉంది.”

“మార్లిస్, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. అందుకేగా ఇక్కడ నిలబడేది.”

బంతాట గీతలు దాటుకుంటూ అవతలి మూలకి నడిచింది. పాస్టరు గారి భార్య తన బూట్ల వంక చూసుకుంది. గడువు ముగిసింది. ఎవరి అంకె వాళ్లే పైకి చెప్పాలన్నారు లెక్క చూసే మేస్టారు. ఒక్కో గొంతూ దగ్గరికొచ్చింది. పక్కనున్న ఆర్డిస్ “ఇరవైతొమ్మిది” అంది.

“ముప్పై,” అంది మార్లిస్, హాలు చివరిదాకా వినబడేలా.

తర్వాత ఆర్డిస్ వైపు వంగి, “ముందు నా కోసమే వచ్చాను. నీ మంగళవారాలకి కూడా,” అంది.

ఎన్నడూ ఏమీ పుచ్చుకోని ఆర్డిస్ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, “ముట్టింది,” అంది.