మొదటి బరువు

ఉలి మొన పడవ ముందు కొస మీది నీలం రంగును చీల్చుకుని సర్రున లోపలికి దిగిపోయింది. సుత్తి దెబ్బ కూడా అక్కర్లేకపోయింది. శాంతయ్య దాన్ని బయటికి లాగి, మొనకు అంటిన నల్లటి ముద్దను వాసన చూశాడు. కుళ్ళిన చేపల కంపూ మురిగిన కుడితి కంపూ కలిసి గుప్పున కొట్టాయి. పక్కకు తిరిగి కంభం చెరువులోకి ఉమ్మాడు.

"చెక్క కాదురా ఇది, పెంట," అన్నాడు.

ఒడ్డున వెస్లీ కూర్చుని నట్లకు గ్రీసు పూస్తున్నాడు. వెస్లీ అతనికి బావమరిది. ఎడమ కాలు మోకాలి దగ్గర వంగదు. కూర్చుంటే కర్రలాగా ముందుకు చాచి ఉంటుంది.

పడవ కోస్తా నుంచి లారీ మీద వచ్చింది. నలభై ఏళ్ళ నాటి తెరచాప పడవ. చెరువు పక్కన కొత్తగా రిసార్టు కట్టిన రాజేష్ దానికి రంగులేయించి, ముందు కొసన లంగరు గొలుసును చుట్టే వించి బిగించమని శాంతయ్యను పిలిపించాడు. శాంతయ్య సముద్రం మొహం చూసినవాడు కాదు. మార్కాపురం పక్కన పలకల గనుల్లో ముప్పై ఏళ్ళు వించీలు బిగించాడు. నూరడుగుల గుంతలోంచి రాళ్ళనూ మనుషులనూ లాగే వించీలు బిగించినవాడికి పడవ వించి ఒక లెక్కా అనుకుని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఒప్పుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

ఇంకాస్త గీకాడు. రంగు కింద లప్పం, లప్పం కింద సిమెంటు. ఏ మహానుభావుడో కుళ్ళిన చోటంతా సిమెంటు కూరి, పైన నున్నగా తుడిచి చేతులు దులుపుకున్నాడు. దాని కిందినుంచి ఒక జెర్రి బయటికొచ్చి శాంతయ్య వేళ్ళ మీదుగా నింపాదిగా నడిచిపోయింది.

పది గంటలకు రాజేష్ తెల్ల బూట్లు తడవకుండా చూసుకుంటూ వచ్చాడు.

"ఏంది పెద్దాయనా, ఇంకా గీకుతానే ఉండావు? రేపు ఓపెనింగు. దాని మీదనే పెట్టి నాలుగు బోల్టులు బిగించు, అయిపోతాది."

"లోపల చెక్క లేదు సార్. లంగరు లాగితే వించి ఊడి వస్తాది. తిప్పేటోని మొగానికి తగులుతాది."

"లంగరు ఎవరు లాగుతారయ్యా? దాన్ని పట్టుకుని ఫోటోలు దిగుతారు, అంతే. లోపలేముందో ఎవరికి కనపడతాది?"

ఇరవై రెండేళ్ళ కిందట గని యజమాని కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. గుంత అంచున నేల మెత్తగా ఉందని ఆనాడు శాంతయ్య అరికాలికి తెలుస్తూనే ఉంది. అయినా బిగించాడు. ఆ గనిలో ఒక కట్టుబాటు ఉండేది. వించి బిగించినవాడే మొదటిసారి బకెట్‌లో నిలబడి కిందికి దిగాలి. మొదటి బరువు వాడే కావాలి. అంతకుముందు ప్రతిసారీ శాంతయ్యే దిగాడు. ఆ రోజు మాత్రం జ్వరమని దుప్పటి ముసుగు పెట్టాడు. భార్య నాగరత్నమ్మ గంజి కాచి ఇస్తే బుద్ధిగా తాగాడు. అతని బదులు వెస్లీ దిగాడు. వించి దిమ్మెతో సహా పెళ్ళగిలి గుంతలో పడింది. వెస్లీకి ప్రాణం దక్కింది గానీ కాలు మళ్ళీ వంగలేదు.

ఆ గంజి రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. ఎంత ఉమ్మినా పోదు.

శాంతయ్య ఉలి తీసుకుని మళ్ళీ తవ్వాడు. ముసలివాళ్ళను పిలిస్తే ఇంతేనని గొణుక్కుంటూ రాజేష్ వెళ్ళిపోయాడు. గట్టి చెక్క తగిలేసరికి మూడు గంపల కుళ్ళు బయటపడింది. వెస్లీ ఆటోలో కంభం పోయి టేకు దిమ్మె, మందపాటి ఇనుప ప్లేటు కోయించుకొచ్చాడు. దిమ్మెను దిగ్గొట్టి, బోల్టులకు రంధ్రాలు వేసి, శాంతయ్య పడవ పొట్టలోకి వెల్లకిలా దూరాడు. మురికి నీళ్ళు చెవుల్లోకి ఎక్కాయి. చచ్చిన ఎలుక ఒకటి మెత్తగా భుజానికి ఆనింది. పైన వెస్లీ బోల్టు తల పట్టుకుంటే కింద తను ప్లేటు మీద పానాతో నట్టు తిప్పాడు. పలక దుమ్ము తిన్న ఊపిరితిత్తులు. మూడు చుట్లకోసారి ఆగి దగ్గాల్సి వచ్చింది.

"వెస్లీ, ఈసారి మొదటి బరువు నేనే. నువ్వు ఒడ్డు మీదుండు."

పైన వెస్లీ ఇంకో బోల్టు దూర్చాడు.

"ఆ పొద్దు నీకు జొరం లేదని నాకు తెలుసు బావా. నా కాలికి కట్టు కట్టినరోజే అక్క చెప్పింది. తల మీద చెయ్యి పెట్టి చూసినాదంట. నీ ఒళ్ళు సల్లగా ఉండిందంట."

శాంతయ్య చేతిలో పానా ఆగింది. నాగరత్నమ్మ పోయి ఆరేళ్ళు. తెలిసీ గంజి పోసిన మనిషి, బతికినన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు.

"మరి నన్ను అడగలేదేందిరా?"

"అడిగితే ఏం జేస్తావు, కాలు తెచ్చిస్తావా? నట్టు బిగించు."

చివరి నట్టు బిగించాడు. చేతుల్లో సత్తువ లేక పానాను దానికే వదిలేసి, పాకుతూ బయటికొచ్చాడు.

సాయంత్రం గెడ వేసే మనిషి పడవను చెరువులోకి తోశాడు. లంగరు దిగింది. గాలికి గొలుసు బిగిసింది. శాంతయ్య వించి ముందు కూర్చుని పిడి తిప్పాడు. టక్కు టక్కుమంటూ గొలుసు చుట్టుకుంటుంటే పడవ లంగరు వైపు జరిగింది. చెక్క కిర్రుమనలేదు. చివరికి లంగరు పైకి వచ్చింది. దానికి అంటిన బురద మంచి చెరువు బురద వాసన వేసింది. శాంతయ్య ఒడ్డునున్న వెస్లీ వైపు చెయ్యెత్తి, వించికి వీపు ఆనించి కూర్చున్నాడు. అలసిపోయాడనుకుని గెడ మనిషి పడవను వెనక్కి తిప్పాడు.

పడవ ఒడ్డుకు తగిలినా శాంతయ్య దిగలేదు. వెస్లీ కాలు ఈడ్చుకుంటూ నీళ్ళలోకి వచ్చి, అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ముక్కు దగ్గర ఊపిరి తగలలేదు.

"ఓపెనింగు ముందర ఇదేం ఖర్మ," అన్నాడు రాజేష్, పడవ మీద చల్లడానికి పసుపు నీళ్ళు తెమ్మని ఎవరికో పురమాయిస్తూ. వెస్లీ అతని తెల్ల బూట్ల పక్కనే కాండ్రించి ఉమ్మాడు.

నాలుగు రోజులాగి రిసార్టు తెరిచారు. జనం వరసగా వచ్చి వించి పిడి పట్టుకుని ఫోటోలు దిగారు. వాళ్ళ కాళ్ళ కింద, ఎవరికీ కనపడని చోట, చివరి నట్టును శాంతయ్య పానా ఇంకా పట్టుకునే ఉంది.