రంగు లేని కిటికీ

“అన్నయ్యా, నువ్వు కళ్ళద్దాలు అమ్ముకో. ఇందులో వేలు పెట్టకు,” అన్నాడు మరిది.

“వేలు కాదురా, కళ్ళు పెడుతున్నాను. ఆ అక్షరాలు చూడు, చీమలబారులా! రోజూ దీని ముందు కూర్చుంటే మీ వదిన రేపు నా దుకాణానికే గిరాకీ అవుతుంది.”

“మంచిదేగా. ఇంట్లోనే బేరం.”

“ముందు నా బల్ల నాకిచ్చి తర్వాత కొట్టుకోండి,” అంది అత్తగారు, పళ్ళేలు చేత్తో పట్టుకుని నిలబడి. “ఒళ్ళో పెట్టుకుని తినే రోజులు వస్తాయని ఎవరూ చెప్పలేదు నాకు.”

కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో సాయంత్రమయ్యేసరికి ఇదే వరస. భోజనాల బల్లను సగానికి పైగా మూడు నల్లటి పెట్టెలు ఆక్రమించాయి. ఒకటి రూటరు, రెండు స్విచ్చిలు, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే సరంజామా. మరిది తన ఆఫీసులో పాతబడి మూల పడేసినవాటిని వదిన సాధన చేసుకోవడానికి అడిగి తెచ్చాడు. కరెంటు పెడితే చాలు, ముసలివాళ్ళు ముగ్గురు పోటీపడి గురక పెట్టినట్టు రొద. ఆ పెట్టెలకు తెర ఉండదు, మీటలుండవు. వాటితో మాట్లాడాలంటే తీగలతో కంప్యూటరుకి కలిపి, కంప్యూటరులో ఒక కిటికీ తెరవాలి. అందులో మనం ఒక ఆజ్ఞ టైపు చేస్తే పెట్టె జవాబిస్తుంది. ఆ కిటికీనే టెర్మినల్ అంటారు. అలాంటివి బోలెడు రకాలు దొరుకుతాయి, అన్నీ చేసే పని ఒక్కటే. అందులో ఏది పెట్టాలన్నదే అన్నదమ్ముల తగువు.

మరిది మెచ్చింది రంగులది. పెట్టెకో రంగు కిటికీ ఇస్తుంది. ఒకసారి కొట్టిన ఆజ్ఞను గుర్తుపెట్టుకుని, మళ్ళీ రెండక్షరాలు కొట్టగానే మిగతాది తనే నింపేస్తుంది. భర్త ఎక్కడో విని పట్టుకొచ్చిన దాంట్లో అక్షరాలు గోడమీద ప్రకటనలంత చేసుకోవచ్చు. మూడోది ఇన్‌స్టిట్యూట్ వాళ్ళిచ్చింది. నల్లటి కిటికీ, తెల్లటి అక్షరాలు, అంతే సంగతులు. మరిది దానికి పలక అని పేరు పెట్టాడు.

“ఒకటో తరగతి పిల్లలకి అది. నీకెందుకు వదినా?”

భర్త రెండు కిటికీలనూ మార్చి మార్చి చూపిస్తూ, దుకాణంలో కటకాలు మార్చినట్టే అడుగుతున్నాడు. “ఇది బాగుందా? ఇప్పుడు? ఇదా, ముందుదా?”

“రెండూ బాగానే ఉన్నాయండీ,” అంది ఆమె.

ఆ ఇంటి పెద్దకోడలికి అది ఊతపదం. తలుపులకు ఏ రంగు వెయ్యాలన్నా అదే మాట, ఏ గదిలో ఎవరు పడుకోవాలన్నా అదే మాట. ఆమె అలా అన్న మరుక్షణం ఎవరో ఒకరు తేల్చేసేవాళ్ళు, పని జరిగిపోయేది. పెళ్ళికి ముందు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన మనిషి దుకాణం కౌంటరు దగ్గర కూర్చోవడం కూడా అలాగే తేలింది. కొన్నాళ్ళకే అన్నారు, ఏళ్ళు గడిచాయి. కిందటేడు మాత్రం ఆమె ఎవరినీ అడక్కుండా ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రపు నెట్‌వర్కింగ్ కోర్సులో చేరింది. ఆఖర్న ప్రాక్టికల్ పరీక్ష. అందులో నెగ్గినవాళ్ళలో ఇద్దరిని పనిలోకి తీసుకుంటామని పెద్దాసుపత్రి వాళ్ళు ఒప్పుకున్నారు. అది ఈ ఒక్క బ్యాచికే. ఆ ఇద్దరిలో తానొకరు కావాలని ఆమె కోరిక. పైకి ఎవరితోనూ అనలేదు, కానీ ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఇంత సాయం.

ఆ సాయంత్రానికి మరిదే గెలిచాడు. నోరుగలవాడిదే రాజ్యం. రూటరుకు పసుపు, పై స్విచ్చికి నీలం, కింది స్విచ్చికి ఆకుపచ్చ కిటికీలు పెట్టాడు. ఓడినవాడి మాట కూడా కొంత నెగ్గాలి కాబట్టి అక్షరాలు కాస్త పెద్దవి చేశాడు. పళ్ళేలకు చోటు చేసి, అందరూ ఇరుక్కుని తిన్నారు.

ఆ తర్వాత రోజుల్లో ఆమె చేతులు చకచకా సాగాయి. దుకాణం నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, బల్ల ముందు కూర్చునేది. నీలంలో ఒక పని, పసుపులో ఒక పని. రెండక్షరాలు కొడితే మిగతాది నిండిపోయేది. మరిది వెనక నిలబడి మురిసిపోయేవాడు.

“చూశావా అమ్మా, వదిన చేతులు! పరీక్ష పెట్టేవాళ్ళు కుర్చీలో సర్దుకునేలోపే లేచొచ్చేస్తుంది.”

“ఇల్లలకగానే పండగ కాదురా,” అంది అత్తగారు.

శనివారం ఇన్‌స్టిట్యూట్‌లో నమూనా పరీక్ష పెట్టారు. అక్కడి కంప్యూటర్లలో ఉన్నది ఆ పలక ఒక్కటే. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. కిటికీ ఏదైతేనేం, ఆజ్ఞలు ఒకటే కదా అనుకుంది. ఒక వరసలో కూర్చున్నవాళ్ళందరికీ కలిపి ఒకటే రూటరు, మనిషికో స్విచ్చి. రూటరులో ఎవరి భాగం వాళ్ళు చేసుకోవాలి. తన స్విచ్చిని మాత్రం మొత్తం చెరిపి, మళ్ళీ మొదటినుంచీ సిద్ధం చెయ్యాలి.

ఆమె రెండు కిటికీలు తెరిచింది. రెండూ నలుపే. ఒక్క క్షణం చేతులాగాయి. ఇంట్లో నీలం కిటికీ ఎడమవైపుంటుంది. ఎడమవైపుదాన్ని పట్టుకుంది. చెరిపెయ్యమని కొట్టింది. నిజంగానా అని పెట్టె అడిగింది. ఇంట్లోనూ అడుగుతుంది, వేలు అలవాటుగా అవునంది. తిరిగి మొదలవ్వమని కూడా కొట్టేసింది.

పక్కసీటులో ఉన్నాయన ఇంతకుముందు టాక్సీ నడిపేవాడు. మొదట ఉలిక్కిపడింది ఆయనే.

“ఇదేమిటి, నాది పోయింది!”

“నాదీ పోయింది,” అంది అటు చివరి అమ్మాయి.

వరస మొత్తం చేసిన పని తుడిచిపెట్టుకుపోయింది. ఆమె చెరిపింది తన స్విచ్చిని కాదు, అందరి రూటరునీ. కిటికీలో ప్రతి పంక్తి మొదట్లో పెట్టె పేరు రాసే ఉంటుంది. రూటరు అని తెల్లటి అక్షరాలతో స్పష్టంగా, ఆమె ఆజ్ఞ కొట్టిన చోటుకు ఆనుకునే ఉంది. దాన్ని చదివే అవసరం ఇంట్లో ఎప్పుడూ పడలేదు. రంగే చెప్పేసేది.

“నావల్లే. చూసుకోలేదు. క్షమించండి,” అంది ఆమె లేచి నిలబడి.

“పోన్లెండి అక్కా,” అన్నాడు టాక్సీ ఆయన గొంతు తగ్గించి. “నాది ఎలాగూ తప్పులతడకే. మీరు చెరిపారు కాబట్టి బయటపడలేదు. చల్లగా ఉండండి.”

అటు చివరి అమ్మాయి ముఖం గంటు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచీ కొట్టడం మొదలుపెట్టింది.

లాబ్ మేడమ్ కోప్పడలేదు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి కూర్చుంది. “ఇంట్లో దేంట్లో చేస్తున్నారు?”

ఆమె చెప్పింది.

“దాంట్లో తప్పేం లేదు. నేనూ వాడతాను. కానీ మీరు పని నేర్చుకున్న తర్వాత అలవాటు చేసుకోవాల్సింది, ముందే చేసుకున్నారు. ఆసుపత్రిలో మీరు చెరిపేది ఐసీయూ వాళ్ళ స్విచ్చి కావచ్చు. అక్కడ పోన్లెండి అక్కా అనేవాళ్ళుండరు.” కుర్చీలోంచి లేస్తూ, “పరీక్ష వచ్చే శనివారం. ధైర్యం చాలకపోతే సోమవారంలోగా చెప్పండి, వచ్చే బ్యాచిలోకి మారుస్తాను. ఆసుపత్రి అవకాశం ఉండదనుకోండి, సర్టిఫికెట్ వస్తుంది,” అంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ దుకాణంలో కొత్త బల్ల బిగించడానికి వెళ్ళారు. ఆమె, అత్తగారు మంచం మీద బట్టలు మడతపెడుతున్నారు. జరిగింది చెప్పింది ఆమె. చెబుతున్నంతసేపూ ఒకే తువ్వాలును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

అత్తగారు ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో చేసి రిటైరైన మనిషి. విని, కిసుక్కున నవ్వింది.

“నవ్వుతారేం అత్తయ్యా?”

“నిన్ను చూసి కాదమ్మాయ్. మా దగ్గర ఒకావిడ ఉండేది. మహా చురుకు. బోర్డు మీద తను ఎక్కువగా కలిపే లైన్ల దగ్గరంతా గోళ్ళరంగు చుక్కలు పెట్టుకుంది. ఎర్రచుక్క పోలీసులు, గులాబీచుక్క మా పెద్దసారు అత్తవారిల్లు. నంబరు చూడాల్సిన పనే లేదు. ఒకసారి ఆవిడకు జబ్బు చేసి నన్ను కూర్చోబెట్టారు. ఆవిడను నమ్మి నేనూ చుక్కలే చూశాను. గులాబీ చుక్క ఎప్పుడు వెలిసిపోయిందో, ఎర్రచుక్క ఎప్పుడు పాలిపోయి గులాబీలా మారిందో! పెద్దసారు భార్య పుట్టింటికి కలపమంటే నేరుగా పోలీసు స్టేషనుకి కలిపాను.”

ఆమెకు నవ్వు ఆగలేదు. నిన్నటినుంచీ బిగుసుకున్న భుజాలు కాస్త వదులయ్యాయి.

“మరి తర్వాత?”

“తర్వాతేముంది, చీవాట్లు. నా సంగతికేం గానీ, మీ ఆయనకి, వాడికి చెప్పావా?”

“లేదు. చెబితే ఇంకోటి తెచ్చి పెడతారు.”

“పెడతారు,” అని ఒప్పుకుంది అత్తగారు. “నా కొడుకులు ఖాళీ చేతులతో నిలబడలేరు. ఇంకేమీ లేకపోతే సలహా అయినా పెడతారు.” ఆవిడ బట్టల దొంతర ఎత్తుకుని లేచింది. “నేను అవతల గదిలో పడుకుంటాను. ఆ పెట్టెల గురక నాకు జోలపాటయిపోయింది, నువ్వు చేసుకో.”

ఆమె బల్ల ముందు కూర్చుంది. పలకను తెరిచింది. మూడు నల్లటి కిటికీలు. నిన్నటి ప్రశ్నపత్రాన్నే ముందు పెట్టుకుని మొదలుపెట్టింది.

మొదటి ఆజ్ఞకే చేతులాగిపోయాయి. రెండక్షరాలు కొట్టి ఎదురుచూసింది. ఏమీ నిండలేదు. మిగతా ముక్క ఏమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు. అన్ని రోజులుగా రోజుకు ఎన్నోసార్లు వాడిన ఆజ్ఞ అది. వాడింది తను కాదని, తన తరఫున ఆ రంగులది వాడి పెట్టిందని అప్పుడర్థమైంది. అద్దె చీర కట్టుకుని అద్దంలో మురిసిపోయినట్టయింది పని. పుస్తకం తెరిచి చూసి, అక్షరం అక్షరం కొట్టింది. తప్పు అంది పెట్టె. మళ్ళీ కొట్టింది.

తనే ఒక నియమం పెట్టుకుంది. ప్రతి ఆజ్ఞకు ముందు ఆ పంక్తి మొదట్లో ఉన్న పేరు పైకి చదవాలి, తర్వాతే మీట నొక్కాలి. “పై స్విచ్చి,” అని చదివి కొట్టింది. “రూటరు,” అని చదివి కొట్టింది. మొదట్లో తన గొంతు తనకే వింతగా ఉంది. కాసేపటికి ఆ గొంతు అలవాటయింది. ఒకచోట “కింది స్విచ్చి” అనబోయి, తెరమీద “పై స్విచ్చి” అని ఉండటం చూసి ఆగింది. వేలు అప్పటికే మీటమీదుంది. తీసేసింది. గుండె దడదడలాడింది గానీ ఆ దడలో ఏదో సంతోషం కూడా ఉంది. ఈసారి ఆగింది తను. ఎవరూ ఆపలేదు.

ప్రశ్నపత్రంలో సగం దాటేసరికే పరీక్ష సమయమంత గడిచిపోయింది. అయినా లేవలేదు. చివరిదాకా చేసింది. నెమ్మదిగా, చదువుతూ. ఆఖర్న అటు పెట్టె నుంచి ఇటు పెట్టెకు కబురు పంపి చూస్తే జవాబు తిరిగొచ్చింది. ఒక్క ముక్క కూడా ఎవరో నింపి పెట్టింది కాదు.

అన్నదమ్ములు వచ్చేసరికి ఆమె బల్ల మీద తన వైపు సర్దేసి వంటపని ముగించింది. భోజనానికి కూర్చున్నారో లేదో మరిది అందుకున్నాడు.

“వదినా, ఇవాళ దారిలో మా ఆఫీసువాడొకడు చెప్పాడు. ఇంకోటుందట. మనకి తప్పు ఆజ్ఞ పడితే అదే ఎర్రగా మెరిసి చెబుతుందట. రాత్రికి పెట్టేస్తాను.”

“అక్షరాలెలా ఉంటాయి దాంట్లో?” అన్నాడు భర్త ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

“ఒరేయ్, అక్షరాలు తప్ప నీకింకేం కనపడవా?”

“అన్నని ఒరేయ్ అంటున్నాడమ్మా వీడు!”

“అననీ,” అంది అత్తగారు. “కోడలు ఏదో చెప్పబోతోంది, వినండి.”

ఆమె నిజానికి నోరు తెరవలేదు ఇంకా. చేతిలోని గరిటె గిన్నెలో పెట్టింది. అన్నదమ్ములిద్దరూ తలెత్తి చూశారు.

“రంగులది కంప్యూటరులోంచి తీసేశాను,” అంది.

మరిది ముద్ద మధ్యలోనే ఆగింది. “తీసేశావా? నేను పెట్టిన రంగులన్నీ?”

“అన్నీ. నువ్వు ఎంతో కష్టపడి పెట్టావు, నాకు తెలుసు. కానీ నిన్న అక్కడ నేను రూటరుని చెరిపేశాను. వరసలో అందరి పనీ పోయింది. పేరు చదవడం మానేసి రంగు చూడటం నేర్చుకున్నాను. ఇక ఆ నల్లదాంట్లోనే చేస్తాను. ఇంకేదీ పెట్టొద్దు. అక్షరాలు కూడా ఎలా ఉన్నాయో అలాగే ఉండనివ్వండి.” చివరి మాట భర్త వైపు తిరిగి అంది.

“కళ్ళు...” అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు ఆయన. “నిన్ననే చెప్పొచ్చుగా. పరీక్ష మరి? మార్చుకోమన్నారా?”

“మార్చుకోవచ్చన్నారు. మార్చుకుంటే ఆసుపత్రి సంగతి మర్చిపోవాల్సిందే.”

“ఈ వారంలో చేతులు తిరుగుతాయా వదినా?” అన్నాడు మరిది. ఈసారి ఎగతాళి లేదు గొంతులో.

“తిరగకపోవచ్చు. ఇవాళ చేస్తే టైము చాల్లేదు.” ఆమె గ్లాసులో నీళ్ళు పోసి అత్తగారి ముందు పెట్టింది. గొంతు పెంచలేదు, దించలేదు. “అయినా శనివారం పరీక్షకి నేను కూర్చుంటున్నాను. అప్పటిదాకా కౌంటరు దగ్గరికి రాను. మీరిద్దరూ చూసుకోండి.”