హిల్డే మీద మూడు సంచులు

"మీ ముగ్గురూ ఒకే కుటుంబమా?" అని ఫోన్‌లో ఆ ఫ్రౌ, అంటే జర్మన్ ఆవిడ, అడిగినప్పుడు కృపాల్ వెనకా ముందూ చూసుకోకుండా "యా" అనేశాడు. జర్మనీలో ఎవరేం అడిగినా ముందు "యా" అనడం, దాని అర్థమేమిటో తర్వాత తీరిగ్గా తెలుసుకోవడం అతనికి అలవాటు. ఈ "యా"కి మాత్రం ముగ్గురికీ కలిపి ఒకే గుడారం, ఒకే ఒంటె వస్తాయని శనివారం పొద్దున అక్కడికి వెళ్లేదాకా తెలియలేదు.

అక్కడంటే వోల్ఫ్స్‌బర్గ్‌కి ఉత్తరంగా, ఒకప్పుడు సైన్యం ట్యాంకులు తిప్పీ తిప్పీ చెట్టూ చేమా లేకుండా చేసిన ఇసుక మైదానం. సైన్యం వెళ్లిపోయింది, ఇసుక మిగిలింది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని ఎడారి అనే పిలుస్తారు. పక్కనే ఒంటెల ఫారం నడిపే ఆ ఫ్రౌ ప్రతి వేసవికీ మొరాకో నుంచి ఇద్దరిని పిలిపిస్తుంది. లహ్సెన్, అతని భార్య ఇత్తో. తమ దేశంలో మంద వెనకాల గుడారం మోసుకుంటూ తిరిగే మనుషులు. ఇక్కడ శని, ఆదివారాలు జనాన్ని ఒంటెలతో పాటు నడిపించి, రాత్రికి గుడారంలో అన్నం పెడతారు.

అమ్మను అక్కడికి తీసుకురావడానికి కృపాల్‌కి రెండు కారణాలున్నాయి. ఒకటి పైకి చెప్పుకునేది. నర్సాపురం దగ్గర వాళ్ల పేటలో ప్రతి క్రిస్మస్‌కీ చర్చిలో, బాలయేసును చూడ్డానికి ఒంటెల మీద వచ్చిన జ్ఞానుల నాటకం వేస్తారు. అందులో ఒంటెను కుట్టేది అమ్మే, దేవకుమారి. పగలంతా రొయ్యల కంపెనీలో నిలబడి రొయ్యలు వొలిచి, సాయంత్రం చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని గోనెసంచులు ముందేసుకుని కూర్చునేది. తలలో, మూపురంలో ఎండుగడ్డి, కళ్లకి కోటు గుండీలు, కాళ్లకి లోపల దూరే ఇద్దరు కుర్రాళ్లు. ఇన్నేళ్లు ఒంటెలు కుట్టిన మనిషి ఒంటెను కళ్లారా చూసింది లేదు, పాత క్యాలెండరు బొమ్మలో తప్ప.

రెండో కారణం కారు వెనక సీట్లో కూర్చుని ఉంది. ఆమె పేరు సితారా. హైదరాబాదు, మలక్‌పేట. కృపాల్ పనిచేసే అంతస్తులోనే ఆమె పని. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుని చాలాకాలమైంది. సితారా తండ్రి అబ్రార్ గారు నెలల తరబడి అలిగి, చివరికి మెత్తబడి ఒక్క మాటన్నారు. "అబ్బాయి తల్లి తన నోటితో నాతో చెప్పాలి, మీ పిల్ల నాకు ఇష్టమే అని. అత్తకు ఇష్టం లేని ఇంటికి నా బిడ్డను పంపను." దేవకుమారి బుధవారం ఊరికి తిరుగు విమానం ఎక్కుతుంది. కృపాల్ ఇంతవరకూ నోరు విప్పలేదు. అమ్మ మాటకు ఎదురు చెప్పి ఎరగడు. పేటలో మొదటి ఇంజనీరు అయినవాడు, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నాలుక పిడచగట్టుకుపోతోంది. "మా ఆఫీసమ్మాయి, సరదాగా వస్తానంది" అని చెప్పి ఊరుకున్నాడు.

ఇసుక మీద మోకాళ్లు మడిచి కూర్చున్న ఒంటె దగ్గరికి దేవకుమారి బెదురు లేకుండా వెళ్లింది. దాని పేరు హిల్డే అట. ముందు నుంచి చూసింది, పక్కకి వెళ్లి చూసింది, నడుం మీద చెయ్యేసుకుని నిలబడిపోయింది.

"ఒరేయ్ కృపా! దీనికి పై పెదవి రెండు చీలికలుగా ఉందిరా. నేను ఇన్నాళ్లూ ఆవు మూతి కుట్టాను. ఒక్కళ్లన్నా చెప్పారా? పాస్టరు గారు కూడా బాగుంది బాగుంది అన్నారే!"

"ఆయన మాత్రం ఎక్కడ చూశారమ్మా?"

సితారా పది అడుగుల దూరంలో, కారు తలుపు పట్టుకుని ఉంది. "ఆంటీ, జర దూరం ఉండుండ్రి, అది ఉమ్ముతదంట."

"ఉమ్మితే కడుక్కుంటాం. రామ్మా, ఏం కాదు. చూడు, కళ్లకి ఎంతెంత రెప్పలో! సినిమా యాక్టరులాగా ఉంది."

సితారా రెండడుగులు వేసింది. హిల్డే మెడ తిప్పింది. సితారా మళ్లీ మూడడుగులు వెనక్కి వేసింది. దేవకుమారి నవ్వి ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఒంటె మెడ మీద ఆనించింది. ఆ రెండు చేతుల్నీ చూసి కృపాల్‌కి కాస్త ధైర్యం వచ్చింది. ఇప్పుడు చెప్పేస్తే? లహ్సెన్ "సామాను! సామాను!" అని కేకేశాడు. ఆ మాట అలాగే లోపలికి వెళ్లిపోయింది.

సామాను కట్టే తాడు ఇత్తో తెచ్చి నేరుగా దేవకుమారి చేతిలో పెట్టింది. వచ్చీరాని జర్మన్‌లో ఆమె చెప్పింది కృపాల్ తెలుగులోకి మార్చాడు. "వాళ్లింట్లో సామాను కట్టేది ఇంటికి పెద్ద ఆడమనిషేనంట. ఎవరి సంచి ఏ పక్కన ఉండాలో నువ్వే చెప్పాలంట. మగవాళ్లం ఎత్తిపెట్టడానికేనంట."

"బాగుంది వీళ్ల పద్ధతి" అని దేవకుమారి కొంగు బిగించింది. "నీది అటు, నాది ఇటు. ఆ అమ్మాయి సంచి వంటసామాను మోసే ఆ రెండో ఒంటె మీద పెట్టించు. పరాయి వాళ్ల వస్తువు, మనం అటూ ఇటూ చేస్తే మాటొస్తుంది."

ఇత్తో ముగ్గురి వంకా చూసింది. ఒకే కుటుంబమని కదా ఫ్రౌ చెప్పింది! కానీ పెద్దావిడ మాట కాబట్టి ఏమీ అనలేదు. సితారా తన సంచిని తనే మోసుకెళ్లి వంటగిన్నెల పక్కన పెట్టి వచ్చింది. వస్తూ కృపాల్ వైపు చూసి కళ్లతోనే "పర్లేదు" అంది. అలా అన్నందుకే అతనికి ఎక్కువ బాధేసింది.

ఎక్కి కూర్చునే ప్రయాణం కాదది. ఒంటెలు సామాను మోస్తాయి, మనుషులు పక్కన నడుస్తారు. ఇసుకలో పాదం దిగబడుతుంటే దేవకుమారి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "మన సముద్రం ఒడ్డులాగే ఉందిరా. సముద్రం ఒక్కటే తక్కువ" అంది. దూరాన ఊదారంగు పూల పొదలు, వాటి వెనక గాలిమరలు. ముందు లహ్సెన్, వెనకాల ఇత్తో, మధ్యలో వీళ్లు. కృపాల్ ప్రతి ఇసుకదిబ్బ దగ్గరా "అది దాటాక చెబుదాం" అనుకుంటూ నడిచాడు. దాటాక ఇంకో దిబ్బ వచ్చేది.

మధ్యాహ్నం దాటాక హిల్డే ఉన్నట్టుండి ఆగిపోయింది. జీను ఒక పక్కకి ఒరిగి, దేవకుమారి సంచి దాని డొక్కలో గుద్దుకుంటోంది. లహ్సెన్ దాన్ని కూర్చోబెట్టి, ఒక్క చేత్తో సంచి లేపబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు.

"అమ్మా, ఏం పెట్టావిందులో?"

"ఏముంది? ఆవకాయ సీసా, సున్నుండలు, చింతపండు, నా దుప్పటి, చిన్న రోలు..."

"రోలా? ఎడారికి రోలెందుకమ్మా?"

"పచ్చడి నూరాలంటే ఎడారిలో అడుక్కోమంటావా?"

సితారా ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. లహ్సెన్ మాత్రం నవ్వలేదు. రెండు పక్కలా బరువు సమంగా లేకపోతే ఒంటెకి వీపు పుండు పడుతుందని, సర్ది మళ్లీ కట్టమని చెప్పాడు.

"సితారా సంచి కూడా తెచ్చి నా పక్కన కడదామమ్మా. సరిపోతుంది."

"మళ్లీ అదే మాట! పరాయి పిల్ల సామాను మనకెందుకురా?"

"పరాయి పిల్ల కాదమ్మా."

అనేశాడు. గాలికి ఇసుక సన్నగా జరజరమంటోంది. దేవకుమారి తాడు చివర చేతికి చుట్టుకుంటూ ఉన్నదల్లా ఆగింది. కొడుకును చూసింది, సితారాను చూసింది. సితారా తల వంచుకుని చున్నీ అంచు వేలికి మెలిపెడుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు అవుతుందమ్మా. పెళ్లి చేసుకుందామని... వాళ్ల నాన్నగారు నువ్వు ఒప్పుకుంటేనే అన్నారు. నీ నోటితో వినాలంట."

"వాళ్ల నాన్నకి తెలుసు. వాళ్లమ్మకీ తెలిసే ఉంటుంది. నాకే తెలీదు."

"భయమేసిందమ్మా."

"అందుకా ఇంతదూరం తీసుకొచ్చావు? ఇంట్లో చెబితే గదిలోకెళ్లి తలుపేసుకుంటాననీ?" ఆమె చుట్టూ ఇసుకను చూసింది. "ఇక్కడ తలుపులు లేవు కదా."

తన సంచిలోంచి రోలు తీసి ఇత్తోకి ఇచ్చింది, ముడి బిగించింది, హిల్డే ముక్కుతాడు పట్టుకుని ముందు నడిచింది. సితారా సంచి వంటసామాను ఒంటె మీదే ఉండిపోయింది.

బస చేసిన చోట ఇంకా ఎండ ఉండగానే గుడారం వేశారు. మేక వెంట్రుకల గుడారం, పక్కలు పైకి లేపితే గాలి ధారాళంగా వస్తోంది. లహ్సెన్ కృపాల్‌ను ఎండుపుల్లలకి పంపాడు. అతను మోపుతో తిరిగివచ్చి గుడారం వెనకాల దించబోయేసరికి, లోపల అమ్మ గొంతు వినబడింది. ఆగిపోయాడు. చాటుగా వినడం తప్పని తెలుసు. కాళ్లు కదల్లేదు.

"మావాడు నీకు మా ఇంటి సంగతులేమన్నా చెప్పాడా?"

"చెప్పిండు ఆంటీ. మీరు రొయ్యల కంపెనీల చేస్తరని, అంకుల్ చెరువుల దగ్గర కాపలా ఉంటరని..."

"అవి అందరికీ తెలిసినవేలే."

తర్వాత సితారా మెల్లగా, నవ్వు ఆపుకుంటున్నట్టు అంది. "ఒంటెకు వెనక కాళ్లు ఆయనేనంట గద?"

"ఏంటీ?"

"క్రిస్మస్ నాటకంల. జ్ఞానానందం అని ఫ్రెండు ముందు కాళ్లు, ఈయన వెనక కాళ్లు. ఒక్కసారి స్టేజి మీద ముందు కాళ్లు ఒక దిక్కు, వెనక కాళ్లు ఒక దిక్కు పోయినయంట. ఒంటె నడుమల చినిగిపోతే మీరు స్టేజి ఎక్కి అందరి ముందటనే కుట్టిండ్రంట."

గుడారం బయట కృపాల్ చెవులు వేడెక్కాయి. ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్లు ఈ సంగతి ఎవరికీ తెలియకుండా దాచాడు. పేట, రొయ్యల కంపెనీ, గోనెసంచుల ఒంటె, ఒక్కటీ చెప్పుకోలేదు. స్నేహితుల్ని ఇంటికి తీసుకురాలేదు. అదంతా అమ్మకు తెలుసునని అతనికి ఇప్పుడే తట్టింది.

"వాడే చెప్పాడా నీకు?"

"ఆయనే. చెప్పి మస్తు నవ్విండు. తర్వాత జర ఏడ్చిండు కూడా. మా అమ్మ చేతులు ఎప్పుడూ రొయ్యల వాసన వస్తుండే, స్కూలుకొస్తే నేను దూరం నిలబడుతుంటి అని."

అమ్మ గొంతు సవరించుకున్న చప్పుడు.

"క్రిస్మస్‌కి మా ఇంటికొస్తావా మరి?"

"వస్త ఆంటీ. కానీ నా నమాజు నాకుంటది. మీకు అబద్ధం చెప్పి రాను."

"అబద్ధం చెప్పమని నేనన్నానా?" అని మాత్రం అంది దేవకుమారి. ఔననీ కాదనీ చెప్పలేదు.

రాత్రి భోజనాల ముందు ఆమె ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది, కాస్త పొడుగ్గానే. సితారా తల మీద చున్నీ కప్పుకుని, రొట్టె ముట్టకుండా కాచుకుంది. ఇత్తో ఆ రోట్లో తనకు తెలిసిన పచ్చడేదో నూరి వడ్డించింది. దేవకుమారి రుచి చూసి, ఆవకాయ సీసా ఆమె వైపు జరిపింది. అందరూ తిన్నారు. కృపాల్‌కి ధ్యాసంతా అమ్మ ముఖం మీదే.

పొద్దున్నే హిల్డే నెమరేస్తూ కూర్చుని ఉంది. ఇత్తో మళ్లీ తాడు తెచ్చి దేవకుమారి ముందు చాచింది. ఈసారి ఆమె వెంటనే అందుకోలేదు. ముఖం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుని, సితారాకేసి తిరిగింది.

"ఏమ్మా, నీ సంచేదీ?"

సితారాకి అర్థం కాలేదు. లేదా అర్థమై కదలలేకపోయింది.

"నిన్నే. సంచి తీసుకురా. ఎండెక్కుతుంది."

ఆమె పరుగున తెచ్చింది. దేవకుమారి ఒక పక్క కొడుకు సంచి కట్టింది. ఇంకో పక్క సితారాది ఎత్తి చూసి పెదవి విరిచింది. "ఇదేంటి, దూదిలాగా ఉంది? రెండు రోజులకి ఇంతేనా తెచ్చుకున్నావు?" తన సంచి విప్పి సున్నుండల డబ్బా, చింతపండు, చివరికి కడిగి పెట్టిన రోలు కూడా తీసి సితారా సంచిలో సర్దింది. చేత్తో ఇటూ అటూ తూచి చూసుకుంది. సరిపోయింది.

"అమ్మా, మరి నీ సంచి?" అన్నాడు కృపాల్.

"నాది మధ్యలో, మూపురం మీద పెట్టు. మీరిద్దరూ సమంగా ఉన్నంతసేపూ పడదు. ఎవరు ఒరిగినా ముందు పడేది నేనే, అది గుర్తుంచుకోండి."

సితారా ఇసుకలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. దేవకుమారి వంగి ఆమె భుజం తట్టింది. "లే, లే. ఏడుపెందుకు? డిసెంబరుకి పని చాలా ఉంది. ఒంటె మూతి మార్చాలి. జ్ఞానానందం దుబాయ్ వెళ్లిపోయాడు, ముందు కాళ్లకి మనిషి లేడు." ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

"నాన్నకేం చెబుతావమ్మా?"

"మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. ముందు ఈవిడ నాన్న సంగతి చూద్దాం." దేవకుమారి ముడి లాగి బిగించి, అరచేతుల ఇసుక దులుపుకుంది. "ఇక్కడ ఫోను పలకడం లేదు. సిగ్నలు ఎక్కడొస్తుందో ఆ లహ్సెన్‌ని అడుగు."

కృపాల్ అడిగాడు. లహ్సెన్ దూరంగా గాలిమరల వైపున్న ఎత్తైన దిబ్బను చూపించాడు.

"పదండి మరి" అంది దేవకుమారి. చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో హిల్డే ముక్కుతాడు అందుకుంది.