మా గుమ్మం ముందు అడ్డదారి

మా ఇంటికి వసారా లేదు, అరుగు లేదు. తలుపు తీస్తే ఒక మెట్టు, మెట్టు దిగితే రోడ్డు. ఆ రోడ్డుకి ఒక చివర సిగ్నల్ ఉన్న పెద్ద రోడ్డు, ఇంకో చివర మార్కెట్టు. సిగ్నల్ దగ్గర ఆగే ఓపిక లేని ప్రతివాడికీ మా వీధి గుర్తొస్తుంది. పొద్దున్నా సాయంత్రం బళ్లు ఎంత దగ్గరగా పోతాయంటే, మెట్టు మీద వేసిన గోనెపట్ట వాటి గాలికి లేచి పడుతుంది.

అందరూ హారన్ కొడతారు. కాదనను. మలుపు దగ్గరనుంచే కొట్టుకుంటూ వస్తారు. హారన్ కొట్టాక ఎదురున్నవాళ్లు తప్పుకోవాలి, తప్పుకోకపోతే తప్పు వాళ్లది. ఈ వీధిలో నడిచే న్యాయం అది.

మా చిట్టికి హారన్ వినపడదు.

నాలుగేళ్లు దానికి. తలుపు ధడాలున వేస్తే తిరిగి చూస్తుంది, అదీ నేల అదిరితేనే. రెండు చెవులూ అంతంత మాత్రమేననీ, మిషన్లు పెట్టాలనీ, పెట్టినా అలవాటు పడడానికి చాలా కాలం పడుతుందనీ డాక్టరు చెప్పారు. ఈ సంగతి తెలిసింది నాకు, మా ఆయనకి, మా అత్తయ్యకి.

"ఈ మాట గడప దాటనివ్వకు," అంది అత్తయ్య ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే. "ఇవాళ వినపడదంటే రేపటికి మూగదంటారు. ఎల్లుండికి దాని పేరు మర్చిపోయి నిన్ను చెవిటిదాని అమ్మా అని పిలుస్తారు."

ఆవిడ ఎరగనిది కాదు లోకం. అందుకే నేనూ నోరు కుట్టేసుకున్నాను. ఎవరైనా పిలిస్తే చిట్టి పలకదు, నేను "పెంకిది" అని నవ్వేసేదాన్ని. వీధంతా దాన్ని పెంకిపిల్ల అనే అనేది.

ఒక సాయంత్రం ఆ పెంకిపిల్ల నా చెయ్యి విడిపించుకుని మెట్టు దిగింది. రోడ్డు మీద పడ్డ బంతి కోసం వంగింది. దాని వెనక ఒక కారు హారన్ మోగుతూనే ఉంది, మోగుతూనే ఉంది, ఇది వంగినది వంగినట్టే ఉంది. నేను ఎలా దూకానో నాకు తెలీదు. కారు జానెడు దూరంలో ఆగింది. అద్దం దించి ఆ మనిషి, "ఎన్నిసార్లు కొట్టాలమ్మా? పిల్లకి చెవుల్లేవా?" అన్నాడు.

చిట్టిని ఎత్తుకుని లోపలికొచ్చి గడియ పెట్టాను. అప్పట్నుంచి ఆ గడియ నా ప్రాణం తోడేసింది. పొయ్యి దగ్గర ఉంటే గడియ పడిందో లేదో అని లేచి చూస్తాను. చూసొచ్చి కూర్చుంటే, చూసింది నిజమేనా అని మళ్లీ లేస్తాను.

మా పక్కింట్లో డ్రిల్లు మాస్టారు ఉంటారు. రిటైరై ఎంతో కాలమైనా మెడలో విజిల్ తియ్యలేదు, అందుకని ఆయన వీధందరికీ విజిల్ మామయ్య. వీధి మధ్యలో అడ్డం పెట్టి బయటి బళ్లు రాకుండా చెయ్యమని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది ఆయనే. దానికి అడ్డుపడేది మూల మీద బేకరీ నడిపే బన్ను బాబాయ్. దారిన పోయే బళ్లు ఆగితేనే ఆయన రొట్టె అమ్ముడుపోయేది. ఇద్దరూ ఎదురుపడితే ఒకరు ఆకాశాన్నీ, ఒకరు నేలనీ చూసుకుంటూ పోయేవారు.

తిరగ్గా తిరగ్గా ఒక పొద్దున్న ఇద్దరు పనివాళ్లు వచ్చారు. రోడ్డుకి అడ్డంగా సన్నటి నల్లటి రబ్బరు గొట్టం పరిచి, రెండు వైపులా మేకులు కొట్టారు. గొట్టం కొసని ఒక ఇనుప పెట్టెలో దూర్చి, ఆ పెట్టెని స్తంభానికి గొలుసుతో కట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు.

వీధంతా దాని చుట్టూ చేరింది. మామయ్య కాలితో నొక్కి చూశారు.

"ఇదా స్పీడ్ బ్రేకరు? వీధి మూసెయ్యమంటే ఇది పడేసి పోయారా? ఏనుగుని ఆపమంటే వానపాముని పంపినట్టుంది!"

"మరి ఆ పెట్టె ఏంటి మామయ్యా?" అన్నాను.

"ఏముంటుందమ్మాయ్, ఎవరూ ఎత్తుకుపోకుండా తాళం వేసుకున్నారు. మనం దీన్ని కూడా దొంగిలిస్తామనుకున్నారు వెధవలు."

ఆ మాట అందరికీ రోషం తెప్పించింది. సాయంత్రం ఆయన విజిల్ ఊదారు. ఇంటికో కుర్చీ వచ్చింది. సరిగ్గా ఆ గొట్టం మీదే, రోడ్డుకి అడ్డంగా, వరసగా వేసుకుని కూర్చున్నాం. బళ్లు వచ్చాయి, అరిచాయి, తిట్టాయి, వెనక్కి తిరిగి పక్క వీధిలోకి పోయాయి. గొట్టం ఉన్నన్నాళ్లూ రద్దీ వేళకి అంతే. నేను గడియ తీసేసి చిట్టిని రోడ్డు మీదకి వదిలాను. అది సుద్దముక్కతో రోడ్డంతా గీతలు గీసింది. కొన్నాళ్లకి పనివాళ్లు వచ్చి గొట్టం చుట్టుకుని పోయారు.

"చూశారా, సిగ్గేసి తీసుకెళ్లిపోయారు!" అన్నారు మామయ్య మీసం దువ్వుకుంటూ.

తర్వాత వీధి మూసే సంగతి మాట్లాడడానికి బడిలో మీటింగు అని కబురొచ్చింది. మీటింగు రోజు పొద్దున్న మా ఆయన్ని, "నువ్వూ రా," అని అడిగాను. ఆయన కొట్లకి సరుకు వేసే వ్యాను నడుపుతాడు.

"ఏ మొహం పెట్టుకుని రాను? పొద్దున లేస్తే నేను దూరేది ఇలాంటి సందుల్లోనే. సిగ్నళ్ల దగ్గర కూర్చుంటే సరుకు సాయంత్రానికి చేరుతుంది, నా ఉద్యోగం మధ్యాన్నానికే ఊడుతుంది."

"మన పిల్ల సంగతి?"

"నాకు తెలీదనుకున్నావా?" అని బూట్లలో కాళ్లు కుక్కుకుని వెళ్లిపోయాడు.

మీటింగు ఒక తరగతి గదిలో పెట్టారు. పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చున్నాం. చిట్టి నా ఒళ్లో, అత్తయ్య నా పక్కన. తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని, మళ్లీ ఎవరో లేపి ప్రశ్న అడుగుతారన్నట్టే ఉంది. ముందు కుర్చీల్లో వార్డు సభ్యుడు, ట్రాఫిక్ ఎస్సై, మధ్యలో కంప్యూటరు తెరుచుకుని ఇంజనీరమ్మ. పక్క వీధివాళ్లు కూడా దండిగా వచ్చారు, వాళ్లకి ముందు నిలబడింది టైలరమ్మ.

మొదటి గంట అంతా అరుపులే. వీధి మూస్తే దుకాణం మూసుకోవాలన్నాడు బన్ను బాబాయ్. మూస్తే మీ బెడద మా గుమ్మాల్లోకి వస్తుందంది టైలరమ్మ. "మీ ఇల్లు ఊడ్చుకుని చెత్త మా వాకిట్లో పోస్తారా?" అని ఆవిడ అంటే, మా వాళ్లెవరో "నీ మిషను చప్పుడు కంటే బళ్ల చప్పుడే నయం" అన్నారు. ఎస్సై బల్ల గుద్దాడు.

ఇంజనీరమ్మ గొంతు పెంచకుండా మాట్లాడింది. "అరుపులతో వీధులు మూయలేం. లెక్క ఉండాలి. అందుకే మీ వీధిలో లెక్కింపు గొట్టం పెట్టించాను. దాని మీద చక్రం ఎక్కినప్పుడల్లా లోపలి గాలి నొక్కుకుని పెట్టెలో ఒక అంకె పెరుగుతుంది. రద్దీ వేళల్లో మీ వీధిలో బళ్లు దాదాపు లేనే లేవు. అలాంటి వీధిని మూయమంటే నేను పైవాళ్లకి ఏం చెప్పుకోను?"

మా వరసలన్నీ ఒక్కసారి చల్లబడిపోయాయి. అందరూ విజిల్ మామయ్య వైపు చూశారు. ఆయన చెయ్యి విజిల్ మీదకి పోయి అక్కడే ఆగిపోయింది. చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని నేను ఎదురు చూశాను. ఆయన బల్ల మీద పిల్లలెవరో చెక్కిన బొమ్మని గోటితో గీకుతూ ఉండిపోయారు. వీధందరినీ నడిపించిన మనిషి, వీధందరి ముందూ తెలివితక్కువవాడినని ఎలా ఒప్పుకుంటాడు?

"అయితే దీన్ని ఇక్కడితో ఆపేద్దాం," అని ఇంజనీరమ్మ కంప్యూటరు మూత మీద చెయ్యి వేసింది.

నేను లేచాను. చిట్టి బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతూనే లేచాను.

"అమ్మా, అది స్పీడ్ బ్రేకర్ అనుకున్నాం."

"ఏది?"

"ఆ గొట్టం. సన్నగా ఉందని కోపమొచ్చి, దాని మీదే కుర్చీలేసుకుని కూర్చున్నాం. బళ్లు రాలేదు కాదు, మేం రానివ్వలేదు."

గది పగిలిపోయేలా నవ్వారు. ఎస్సై టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "అంటే గవర్నమెంటు లెక్క మీద కూర్చుని గుడ్లు పొదిగారన్నమాట!" అన్నాడు బన్ను బాబాయ్. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు.

"మళ్లీ లెక్క వెయ్యాలి. కానీ ఆ పరికరాలు వేరే వార్డులకి వెళ్లిపోయాయి. వానలు తగ్గాక చూద్దాం."

"అప్పటిదాకా?"

"జాగ్రత్తగా ఉండండి."

"ఎందుకమ్మాయ్ అంత గాభరా?" అన్నాడు బన్ను బాబాయ్, గొంతులో కోపం లేకుండానే. "హారన్ కొట్టకుండా ఎవడొస్తున్నాడు? మా పిల్లలంతా ఈ రోడ్డు మీదే పెరిగారు. హారన్ వింటే పిల్లి కూడా తప్పుకుంటుంది."

నా నోట్లో మాట తయారైపోయింది. అత్తయ్యకి అది తెలిసినట్టుంది, నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "కూర్చో," అంది పళ్ల మధ్యనుంచి. "కూర్చో, నా తల్లివి కదూ." ఎప్పుడూ నన్ను అలా బతిమాలలేదు ఆవిడ. వానలు తగ్గాక అన్న మాట నా చెవుల్లో గింగుర్లాడుతోంది. వానల్లో అద్దాలకి నీళ్లు పట్టి ఎదురుగా ఏముందో కనపడదు వాళ్లకి. అప్పుడు మిగిలేది హారనొక్కటే.

"మా పిల్లకి వినపడదు, బాబాయ్," అన్నాను. "అది పెంకిది కాదు. చెవుడు. మీరు ఎంత కొట్టినా తప్పుకోదు."

అత్తయ్య చెయ్యి నా మోచేతి మీదనుంచి జారిపోయింది.

వెనక వరసలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు. అత్తయ్య భయపడింది ఆ మాటకే. గదిలో అందరి చూపూ చిట్టి మీదే ఉంది. అదేమో నా జాకెట్టు గుండీతో ఆడుకుంటోంది.

అందరి కంటే ముందు తేరుకున్నది టైలరమ్మ. ఆవిడ గొంతు ఈసారి తగ్గింది కానీ మెత్తబడలేదు.

"నీ కష్టం నాకు అర్థమైందమ్మా. నీ పిల్ల చల్లగా ఉండాలి. కానీ మా పిల్లలకి చెవులున్నాయి కదా అని ఆ బళ్లన్నీ మా మీదకి తోలతారా? చెవులున్న పిల్లలకి కాళ్లు విరగవా?"

నేను ఆవిడైతే అదే అడిగేదాన్ని.

ఇంజనీరమ్మ కంప్యూటరు మూత మీదనుంచి చెయ్యి తీసింది. "శాశ్వతంగా మూయాలంటే లెక్క కావాలి. ఒక మనిషికి ప్రమాదం ఉందని తెలిశాక మాత్రం తాత్కాలికంగా అడ్డం పెట్టొచ్చు. రేపు డ్రమ్ములు పెట్టిస్తాను. మళ్లీ లెక్క వేసేటప్పుడు రెండు వీధులూ కలిపి వేస్తాం."

"లెక్క వేసేలోపు మా పిల్లలు?" అని అడిగింది టైలరమ్మ. ఆ ప్రశ్న అలాగే ఉండగానే ఎస్సై లేచాడు, కుర్చీలు జరిగాయి.

ఇంటికొచ్చాక అత్తయ్య చిట్టి కాళ్లు కడిగి, తుడిచి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇక ఎవరెవరు ఏమేమంటారో నువ్వే కాసుకో," అంది. అంతే. వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఎర్రరంగు డ్రమ్ములు వచ్చాయి. ఇసక నింపి వీధి మధ్యలో నిలబెట్టారు. వీధి ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ఎవరింట్లోనో కుక్కరు కూత మా ఇంట్లోదే అనుకుని నేను రెండుసార్లు పొయ్యి దగ్గరకి పరుగెత్తాను. విజిల్ మామయ్య బయటికి రాలేదు. బన్ను బాబాయ్ కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బళ్లు లేని రోడ్డుని చూస్తూ. నన్ను చూసి తల తిప్పుకోబోయి, చిట్టిని చూసి ఆగి, ఏం చెయ్యాలో తెలియక లోపలికి వెళ్లాడు.

సాయంత్రం మా ఆయన వ్యాను దూరంగా ఆపి నడిచొచ్చాడు. మెట్టు మీద కూర్చున్నాడు, బూట్లు విప్పకుండా.

"చెప్పేశావటగా."

"చెప్పేశాను."

కోప్పడతాడనుకున్నాను. ఆయన రోడ్డు వంకే చూస్తూ, "ఇవాళ దారి లేక పక్క వీధిలోంచి తిప్పాను," అన్నాడు. "నా ముందూ బళ్లే, వెనకా బళ్లే. టైలరమ్మ ఇంటి ముందు ఎవరో పిల్ల, రోడ్డు మధ్యలో అటు తిరిగి నిలబడుంది. హారన్ మీద చెయ్యి వేశాను. కొట్టలేకపోయాను. దిగి, వెళ్లి, భుజం పట్టుకుని పక్కకి జరిపాను. వెనకవాళ్లు నన్ను బూతులు తిట్టారు."

"ఆ పిల్లకి..."

"ఏం లేదు, బాగానే వినపడుతుంది. 'ఏంటంకుల్?' అంది."

పక్క వీధి నుంచి హారన్లు వినపడుతున్నాయి, ఇళ్ల మీదుగా, ఆగకుండా. మా తలుపు బార్లా తెరిచే ఉంది. చిట్టి రోడ్డు మధ్యలో చతికిలబడి ఏదో గీస్తోంది. రోజంతా నేను ఒక్కసారి కూడా గడియ చూడలేదు. పక్క వీధిలో ఎవరెవరు గడియలు చూసుకుని ఉంటారో.

లేచి చిట్టిని చంకనేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నాడు.

"టైలరమ్మ దగ్గరికి."

"ఇప్పుడా? వెళ్లి ఏం చెప్తావు? మొహం మీద తలుపేస్తుంది."

"వేస్తే వెయ్యనీ. మళ్లీ లెక్క వానల తర్వాత కాదు, ఇప్పుడే వెయ్యాలని అడగడానికి రేపు ఆఫీసుకి వెళ్తాను. ఆవిడ కూడా వస్తుందేమో అడుగుతాను."

డ్రమ్ముల పక్కనుంచి దాటి, మలుపు తిరిగాను. పక్క వీధి మొదట్లోనే ఒక బండి నా వెనక హారన్ కొట్టింది. నేను గోడకి ఆనుకుని, చిట్టి తలని గుండెకి అదుముకుని, అది పోయేదాకా నిలబడ్డాను. ఎదురుగా టైలరమ్మ గుమ్మంలో ఉంది, మెడలో టేపు వేలాడుతూ, ఒక చేత్తో పిల్ల రెక్క పట్టుకుని.

"ఏమ్మా, మా వీధి ఎలా ఉందో చూసిపోదామని వచ్చావా?" అంది.

"అవునక్కా," అన్నాను. "చూడ్డానికే వచ్చాను."